మొక్కూ మందూ రెండూ తప్పకుండా: మనోళ్ళు ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఏం చేయాల, ఎట్ల చేయాల

మా నాయనకి కిడ్నీలు చెడి డయాలసిస్ మొదలైన రెండో నెలలో తిరుమల కొండకి పోయొచ్చినాం. దర్శనం బాగా అయింది, బయటికొచ్చి అఖిలాండం దగ్గర టెంకాయ కొట్టినాం, సామి టెంకాయ నీళ్ళు పారబోయకూడదని నాయన గ్లాసులో పట్టుకుని మొత్తం తాగేసినాడు, కిందికి దిగినాక రెండు అరటిపండ్లు కూడా తిన్నాడు. తెల్లారేసరికి కాళ్ళల్లో సత్తువ లేదు, లేచి నిలబడలేకపోయినాడు. ఆటోలో వేసుకుని పరిగెత్తినాం, ఈసీజీ తీసినారు, పొటాషియం బాగా పెరిగిపోయింది గుండె ఆగిపోతుందని చెప్పి అప్పటికప్పుడు డయాలసిస్‌కి ఎక్కించినారు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ "నిన్న ఏం తిన్నాడు" అని అడిగితే మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, ప్రసాదం పేరెత్తితే తిడుతుందేమో అని భయం. చివరికి నేనే చెప్పినా. ఆమె తిట్టలేదు. "ముందే చెప్పుంటే డయాలసిస్ అయిన మరుసటి రోజు పొమ్మనేదాన్ని, ఆ నీళ్ళు తలమీద చల్లుకోమనేదాన్ని కదమ్మా" అనింది.

ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. మన ఊర్లో దేవుడి పని ఆస్పత్రి గేటు బయట వదిలేసి లోపలికి పోయేవాళ్ళు ఎవరూ ఉండరు, అందరి జేబులో కుంకుమ పొట్లం ఉంటుంది, కానీ డాక్టర్‌కి మాత్రం చెప్పరు. చెప్పకపోవడం దగ్గరే అన్ని ఇబ్బందులూ మొదలవుతాయి. నాయనతో, తర్వాత మా అత్తతో ఏళ్ళ తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరిగి నేర్చుకున్నది వరసగా రాస్తా ఉండా, మీ ఇంట్లో ఎవరికైనా బాగలేకపోతే పనికొస్తుంది.

మొదటి పని, ఒక కాగితం

అడ్మిట్ అయిన రోజే ఒక తెల్లకాగితం తీసుకోండి. పేషెంట్ పక్కన కూర్చుని నాలుగు సంగతులు అడగండి: నీకు దేని మీద నమ్మకం, ఈ జబ్బులో అది నీకు ఎంత ఆసరాగా ఉంది, నీతో ప్రార్థనో భజనో చేసేవాళ్ళు ఎవరు, డాక్టర్లు దీని గురించి ఏం తెలుసుకోవాల. ఈ నాలుగూ నేను కనిపెట్టినవి కాదు, అమెరికాలో క్రిస్టీనా పుచాల్‌స్కి అనే డాక్టరమ్మ 1996లో డాక్టర్లు పేషెంట్లని అడగడానికి ఇట్లాంటి ప్రశ్నల వరస ఒకటి తయారు చేసింది, ఇప్పుడు మెడికల్ కాలేజీల్లో కూడా నేర్పిస్తారు. మన దగ్గర ఓపీలో అంత టైం ఉండదు కాబట్టి ఇంట్లోవాళ్ళే అడిగి రాసుకోవాల.

పేషెంట్‌నే అడగాల, ఇది ముఖ్యం. మా చిన్నత్త పదేళ్ళ కిందట చర్చికి పోవడం మొదలుపెట్టింది, కొడుకులకి అది ఇష్టం లేదు, ఆమెకి ఆపరేషన్ అని తెలిసి కాణిపాకంలో పూజ చేయించి దారం తెచ్చి చేతికి కట్టినారు. ప్రేమతోనే కట్టినారు, కాదనను. ఆమె ఎవరికీ ఏం చెప్పకుండా గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చింది. నర్సమ్మ చూసి అడిగితే అప్పుడు బయటపడింది. ఫాదర్ వచ్చి పది నిమిషాలు ప్రార్థన చేసినాక మనిషి నెమ్మది పడింది. మీ నమ్మకం వేరు, మంచం మీద ఉన్నోళ్ళ నమ్మకం వేరు అయి ఉండొచ్చు.

ఆ కాగితంలోనే ఇవి కూడా రాయండి: ఏయే రోజులు ఒక్కపొద్దు ఉంటారు, ఏం మొక్కు ఉంది, మాంసం, గుడ్డు తినరా, ఇంట్లో వాడుతున్న పసరు మందు, లేహ్యం, భస్మం ఏమైనా ఉన్నాయా. పసరు మందు దాచొద్దండీ. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళకి కొన్ని ఆకు మందులు తోడైతే రక్తస్రావం అవుతుంది, కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం ఉండి కిడ్నీ దెబ్బ తింటుంది.

రెండో పని, చెప్పడం

పొద్దున రౌండ్స్‌లో డాక్టర్ మన మంచం దగ్గర రెండు మూడు నిమిషాలకి మించి ఉండరు. అందుకే కథలాగా చెప్పకుండా ఒక్క ముక్కలో చెప్పండి. "సార్, అమ్మ శనివారం ఒక్కపొద్దు ఉంటుంది, ఇన్సులిన్ ఎట్ల వేయమంటారు?" "మేడం, నాయన మాల వేసుకున్నాడు, చెప్పులు వేసుకోడు, కాలికి పుండు ఉంది, ఏం చేయమంటారు?" ఇట్ల. "ఉండొచ్చా" అని అడిగితే "వద్దు" అని ఒక్క మాట చెప్పి పోతారు, "ఎట్ల చేయమంటారు" అని అడిగితే దారి చెప్తారు, నా అనుభవం ఇది. చెప్పింది సిస్టర్‌తో కేస్ షీట్‌లో రాయించండి, రేపు డ్యూటీ మారితే ఇంకొకరికి మళ్ళీ మొదట్నుంచి చెప్పే పని ఉండదు.

చిత్తూరు వైపు వాళ్ళు ఎక్కువ మంది వేలూరు సీఎంసీకి పోతారు కదా, అక్కడ దీనికోసమే చాప్లిన్లు అని వేరే మనుషులు ఉంటారు, మంచం దగ్గరికి వచ్చి కూర్చుని మాట్లాడతారు, కావాలంటేనే ప్రార్థన చేస్తారు. అట్లాంటివాళ్ళు లేని చోట సోషల్ వర్కర్ ఉన్నారా అని అడగండి.

ఆపరేషన్ ముందు రోజు

తాయెత్తు, అంత్రం, కడియం, మెట్టెలు, తాళి, ముక్కుపుడక అన్నీ తీయమంటారు. దేవుడి మీద కోపంతో కాదు. ఆపరేషన్‌లో రక్తం ఆపడానికి కరెంటుతో పనిచేసే సాధనం వాడతారు, ఒంటిమీద లోహం ఉంటే అక్కడ చర్మం కాలొచ్చు, ఎమ్మారైలో అయితే ఇనుము ఉన్న వస్తువు మిషన్ లాగేస్తుంది. తాయెత్తు లోపల రేకు ఉంటుంది కాబట్టి అదీ లెక్కే. చేతికి కట్టిన దారాలు పాతబడి మురికిగా ఉంటే ఇన్ఫెక్షన్‌కి దారి.

తాళి తీయమంటే ఆడోళ్ళు చాలా బాధపడతారు, మా అమ్మ అయితే సంతకం పెట్టకుండా గంటసేపు కూర్చుంది. దీనికి మన పెద్దోళ్ళ దారే ఉంది: పసుపు తాడుకి పసుపు కొమ్ము కట్టి మెడలో వేసి, తర్వాత బంగారు తాళి తీయండి. కొత్త తాడు అయితే చాలా చోట్ల ఒప్పుకుంటారు, మెడకి, ఛాతీకి ఆపరేషన్ అయితే మాత్రం చేతికి కట్టుకోవచ్చా అని అడగండి. తీసిన తాళి, తాయెత్తు ఒక గుడ్డలో కట్టి ఇంట్లో ఒక్క మనిషి చేతికే ఇవ్వండి, నలుగురి చేతులు మారితే పోతాయి. గోరింటాకు, నెయిల్ పాలిష్ ఆ వారం పెట్టుకోవద్దు, వేలికి తగిలించే ఆక్సిజన్ మిషన్ రీడింగ్ తేడా చూపిస్తుంది.

ఇంకోటి, కడుపు ఖాళీగా ఉండాలని చెప్పినాక తీర్థం కూడా నోట్లో వేయొద్దు. మత్తు ఇచ్చే డాక్టర్లు మామూలుగా గట్టి తిండి 6 గంటల ముందు, నూనె నెయ్యి ఉన్నదైతే 8 గంటల ముందు, మంచినీళ్ళు 2 గంటల ముందు ఆపమంటారు. లడ్డు మొత్తం నెయ్యే కదా. తెల్లవారుజామున ఎవరో ఒక పిన్ని వచ్చి "చిటికెడే కదా" అని నోట్లో పెట్టేస్తుంది, మత్తులో ఆ తిన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. నోట్లో పెట్టేసి ఉంటే అది దాచకుండా చెప్పండి, ఆపరేషన్ కాసేపు వెనక్కి జరుగుతుంది అంతే. ప్రసాదం తలగడ పక్కన పెట్టండి, లేచినాక తింటారు.

ప్రసాదం సంగతి ఇంకొంచెం

ఎవరికి ఏది కష్టమో తెలుసుకుని పెట్టండి. కిడ్నీ పేషెంట్‌కి టెంకాయ నీళ్ళు, అరటిపండు వద్దు, రెండిట్లో పొటాషియం ఎక్కువ, పైగా డయాలసిస్ వాళ్ళకి రోజుకి ఇన్ని నీళ్ళే అని లెక్క ఉంటుంది, తీర్థం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. షుగర్ ఉంటే లడ్డు, చక్కెర పొంగలి ఒక చిటికెడు, గుండె నీరసం, బీపీ ఉన్నోళ్ళకి పులిహోర కొంచెం, ఉప్పు ఎక్కువ కాబట్టి. కీమో నడుస్తా ఉన్నోళ్ళకి, ఇమ్యూనిటీ తగ్గించే మాత్రలు వేసుకునేవాళ్ళకి బయట పెట్టిన పంచామృతం, పాలు, పెరుగు కలిసినవి పెట్టొద్దు. కళ్ళకద్దుకుని ఒక మెతుకు నాలిక మీద వేసుకున్నా అది ప్రసాదమే. మిగతాది వార్డులో పక్క మంచం అటెండర్లకి పంచండి, పొద్దుట్నుంచి ఏమీ తినకుండా కూర్చున్నోళ్ళు ఎంతమందో ఉంటారు అక్కడ.

గాయం మీద, కుట్ల మీద విబూది, కుంకుమ, పసుపు చల్లొద్దు. నుదుటికి పెట్టండి. పసిబిడ్డ బొడ్డు మీద కూడా ఏమీ వేయొద్దు, పొడిగా వదిలేయాల.

ఒక్కపొద్దు, రంజాన్, దీక్ష

మందు వేసుకుంటే వ్రతం చెడిపోతుందని మా జేజి బీపీ మాత్ర మానేసేది. వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిది అని పాత శ్లోకమే ఉంది, అందులో నీళ్ళు, దుంపలు, పండ్లు, పాలతో పాటు ఔషధం కూడా ఉంది. ఈ ముక్క మా పురోహితుడి నోటితో చెప్పించినాకే జేజి మళ్ళీ మాత్ర వేసుకుంది, మేం నెత్తీనోరూ కొట్టుకున్నా వినలేదు. మీ ఇంట్లో కూడా ఇట్ల ఉంటే డాక్టర్ మాట పూజారి చేతో పాస్టర్ చేతో మౌలానా చేతో చెప్పించండి. రోగులకి రంజాన్ ఉపవాసం నుంచి మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది, ఆరోగ్యం బాగైనాక ఆ రోజులు ఉండొచ్చు, బాగయ్యే ఆశ లేనివాళ్ళు పేదలకి అన్నం పెట్టొచ్చు.

అయినా ఉంటాం అనేవాళ్ళు ఉంటారు, వాళ్ళ మనసు విరిచేయొద్దు, జాగ్రత్తలు చెప్పండి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళకి తిండి లేకపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. ఉపవాసానికి ముందే, రంజాన్‌కైతే నెలన్నర రెండు నెలల ముందే పోయి డోసు మార్పించుకోండి. ఆ రోజుల్లో వేలు గుచ్చి చూసుకుంటా ఉండండి, అందువల్ల ఉపవాసం భంగం కాదు. 70 కంటే తగ్గినా, 300 దాటినా అక్కడితో ఆపేయాల, ఇందులో బేరం లేదు. తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్ళల్లో కలిపి తాగించి పావుగంటకి మళ్ళీ చూడండి. మనిషి తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

మాల వేసుకునే సాములకి షుగర్ ఉంటే 41 రోజులు చెప్పులు లేకుండా తిరగడం చాలా ప్రమాదం, కాలికి స్పర్శ తెలియదు, ముల్లు దిగినా ఎండకి బండ కాలినా తెలియదు, పుండు పడి వేలు తీసేసే దాకా పోతుంది. గురుస్వామితో ముందే మాట్లాడండి, ఆరోగ్యం బాగలేనివాళ్ళకి సడలింపు ఇచ్చే గురుస్వాములు చాలామంది ఉన్నారు. చెప్పులు ససేమిరా అంటే రోజూ రాత్రి అద్దం పెట్టి అరికాలు చూసుకోమనండి.

కాలినడక మొక్కు కూడా అంతే. అలిపిరి దారి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు 2,388. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నోళ్ళు నడవొద్దని టీటీడీనే చెప్తా ఉంటుంది. స్టెంట్ వేసిన నెలకే మెట్లెక్కుతానన్న మా పెదనాయనని ఆపడానికి మేం చేసింది ఏమంటే, ఒక రూపాయి పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుడి పటం ముందు పెట్టినాం, సామీ నడిచే సత్తువ ఇచ్చినాక వస్తాం అని. ఆయన నెమ్మది పడినాడు.

మందుల్లో ఏముందో అడగొచ్చు

ఇది చాలామందికి తెలియదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్ పంది పేగుల నుంచి తీస్తారు. క్యాప్సూల్ పైతొడుగు జిలాటిన్ జంతువులది. గుండె వాల్వుల్లో పందివి, ఆవువి నుంచి చేసినవి ఉంటాయి, లోహంతో చేసినవీ ఉంటాయి. ముస్లింలకైనా శాకాహారులకైనా ఇది పట్టింపు అయితే ఆపరేషన్ ముందే అడగండి, కొన్నిటికి బదులు ఉంటుంది, ఫాండపారినక్స్ అనేది రసాయనంతో చేసిన మందు, కానీ అందరికీ, అన్ని సందర్భాల్లోనూ కుదరదు, అది డాక్టరే తేల్చాల. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వేరే దారి లేకపోతే వాడుకోవచ్చనే మతపెద్దలు చాలామంది ఉన్నారు, మీ పెద్దలకి ఫోన్ చేసి అడగండి. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖవాళ్ళు రక్తం ఎక్కించుకోరు, అట్లాంటివాళ్ళు ఆ మాట రాతపూర్వకంగా ముందే ఇవ్వాల, ఎమర్జెన్సీలో కాదు.

ముహూర్తం, అమావాస్య

ఎప్పుడైనా చేయించుకోగలిగే ఆపరేషన్ అయితే డాక్టర్ ఇచ్చిన రెండు మూడు తేదీల్లో మంచి రోజు చూసుకోండి, తప్పేం లేదు. ముహూర్తం సిజేరియన్ మాత్రం వేరే. 39 వారాలు నిండకముందు ఊరికే తీస్తే బిడ్డకి ఊపిరి ఇబ్బంది ఎక్కువ, నక్షత్రం కోసం 37వ వారంలో తీయమని డాక్టర్‌ని బతిమాలొద్దు. గుండెపోటు, పక్షవాతం, కాన్పులో రక్తం పోవడం, వీటికి రాహుకాలం చూడొద్దు. మంగళవారం, అమావాస్య డిస్చార్జ్ వద్దంటే ఒక రోజు ముందే చెప్పండి, బయట ఇంకో పేషెంట్ ఆ బెడ్ కోసం ఎదురుచూస్తా ఉంటాడని కూడా గుర్తుపెట్టుకోండి. చీపురుతోనో చెప్పుతోనో దిష్టి తీయాలంటే ఇంటికొచ్చినాక తీయండి.

వార్డులో ప్రార్థన

దీపం, అగరబత్తి, కర్పూరం వార్డులో వద్దే వద్దు. ఆక్సిజన్ పోతా ఉన్న చోట నిప్పురవ్వ చాలు మంట పెద్దదవడానికి, ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకున్నోళ్ళకి కూడా ఇదే, దేవుడి గది వేరే, మిషన్ వేరే గదిలో. సహస్రనామం, సుప్రభాతం, ఖురాన్, బైబిల్ వాక్యం ఏదైనా చిన్న సౌండుతో, వీలైతే చెవిలో పెట్టే ఇయర్‌ఫోన్‌తో. ఐసీయూలోకి పురోహితుడో పాస్టరో రావాలంటే విజిటింగ్ టైంలో ఒక్కరే, చేతులు కడుక్కుని.

ప్రార్థన గురించి ఒక సంగతి చెప్పాల. 2006లో అమెరికాలో 1,802 మంది బైపాస్ పేషెంట్ల మీద ఒక పెద్ద పరిశోధన వచ్చింది. తెలియని మనుషులు దూరం నుంచి చేసిన ప్రార్థన వల్ల కాంప్లికేషన్లు తగ్గలేదు, పైగా "నీ కోసం ప్రార్థిస్తా ఉన్నారు" అని ఖచ్చితంగా తెలిసినవాళ్ళల్లో 59 శాతం మందికి కాంప్లికేషన్లు వచ్చినాయి, తెలియనివాళ్ళల్లో 52 శాతం. అంత ప్రార్థన కావాల్సి వచ్చిందా, నాకు అంత సీరియస్సా అని భయపడి ఉండొచ్చని చేసినోళ్ళే అనుకున్నారు. ఇది చదివి నేను ప్రార్థన మానలేదు, మానను కూడా. కానీ "ఊరంతా మొక్కుకుంది, నువ్వు బాగై తీరాల" అని మంచం మీద మనిషి నెత్తిన బరువు పెట్టడం మానేసినా. చేయి పట్టుకుని పక్కన కూర్చుని జపం చేసుకోవడం వేరు, అది చేయండి.

అట్లనే "ఏం పాపం చేసినానో" అని పేషెంట్ అంటే "ఛ అట్ల అనకు" అని నోరు మూయించొద్దు. 2001లో వచ్చిన ఒక పరిశోధనలో ఆస్పత్రిలో చేరిన 55 ఏళ్ళు పైబడిన 596 మందిని రెండేళ్ళు గమనిస్తే దేవుడు నన్ను వదిలేసినాడు, శిక్షిస్తా ఉన్నాడు అని కుమిలిపోయేవాళ్ళల్లో చావులు ఎక్కువగా కనిపించినాయి. వాళ్ళు చెప్పేది పూర్తిగా వినండి, వాళ్ళు నమ్మే పెద్దమనిషిని పిలిపించండి, డాక్టర్‌కి కూడా చెప్పండి, అది డిప్రెషన్ కావచ్చు.

మంత్రం దగ్గర ఆగకూడని జబ్బులు

పాము కరిస్తే మంత్రం వేయించుకోవడానికి పోవొద్దు, గట్టిగా కట్టు కట్టొద్దు, కోయొద్దు, కాలు కదపకుండా నేరుగా పెద్దాస్పత్రికి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఒక్కటే పనిచేస్తుంది. మంత్రగాళ్ళ దగ్గర బతికినోళ్ళు ఎక్కువమంది విషం లేని పామో, విషం ఎక్కించని కాటో తగిలినవాళ్ళు.

అమ్మ పోసినప్పుడు (చికెన్ పాక్స్) వేపాకు పెట్టుకోండి, గంగమ్మకి మొక్కుకోండి, కానీ పెద్దోళ్ళకి పోస్తే 24 గంటల్లోపు డాక్టర్‌కి చూపిస్తే మందు బాగా పనిచేస్తుంది. గర్భిణి అయితే అదే రోజు పోవాల. పిల్లలకి ఆస్పిరిన్ ఇవ్వొద్దు.

ఫిట్స్, తనలో తను మాట్లాడుకోవడం, నిద్ర లేకపోవడం, వీటికి గాలి సోకిందని కొట్టడం, కట్టేయడం చేయొద్దు. 2001 ఆగస్టులో తమిళనాడులో ఏర్వాడి దగ్గర గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో తప్పించుకోలేక చచ్చిపోయినారు. మానసిక రోగిని గొలుసుతో కట్టడం 2017 చట్టం ప్రకారం కుదరదు. గుడికి తీసుకుపోండి, దర్గాకి తీసుకుపోండి, మాత్రల డబ్బా కూడా సంచిలో పెట్టుకుని పోండి. 14416కి ఫోన్ చేస్తే మనసు జబ్బులకి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు.

చివరి రోజులు వస్తే

డాక్టర్ "ఇంక చేసేదేం లేదు" అన్నాక కూడా చేసేది చాలా ఉంటుంది. నొప్పి తగ్గించమని అడగండి, పేషెంట్ ఎక్కడ ఉండాలనుకుంటున్నాడో అడగండి. తెలివి లేని మనిషి నోట్లో తులసి తీర్థం, గంగ పోయొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోయి ఉక్కిరిబిక్కిరి అవుతారు. శుభ్రమైన దూది తడిపి పెదాలకి అద్దండి, అంతే చాలు. ముస్లింలు కిబ్లా (మక్కా) వైపు మొహం ఉండేట్టు మంచం తిప్పమంటే చాలా వార్డుల్లో తిప్పుతారు, అడగాల అంతే. పోయినాక ఎవరు స్నానం చేయించాల, ఎంతసేపట్లో తీసుకుపోవాల అనేది కూడా ముందే సిస్టర్‌తో మాట్లాడి పెట్టుకోండి, ఆ టైంలో మీకు మాట రాదు.

బాగై మొక్కు తీర్చుకునే రోజు

డయాలసిస్ చేయించుకునేవాళ్ళయితే డయాలసిస్ అయిన మరుసటి రోజు పెట్టుకోండి. 65 దాటినోళ్ళకి, వికలాంగులకి ఉండే దర్శనం టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో చూసుకోండి. మందుల చీటీ, ఆ రోజు మాత్రలు, నీళ్ళ సీసా ఒకే సంచిలో. డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా ఉన్న చెయ్యి క్యూలో ఎవరూ పట్టుకుని లాగకుండా మీరు ఆ పక్కనే నడవండి. కళ్యాణకట్టలో తలనీలాలు ఇచ్చేటప్పుడు రక్తం పలచబడే మాత్ర వేసుకుంటా ఉన్నారని గుండు గీసే అన్నకి చెప్పండి, మెల్లగా గీస్తాడు, కొత్త బ్లేడు వేసినాడో లేదో చూడండి. కొండ మీద ఇబ్బంది వస్తే అక్కడే అశ్విని ఆస్పత్రి ఉంది.

మా నాయన రెండోసారి పోయినప్పుడు అఖిలాండం దగ్గర టెంకాయ తనే కొట్టినాడు. నీళ్ళు దోసిట్లో పట్టి తలమీద చల్లుకున్నాడు, చిప్ప మా చేతికిచ్చి "మీరు తినండి" అన్నాడు.